నిచ్చెన మీద తన మెట్టు తనే వెతుక్కునే పిల్ల

మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ పేరెత్తితే తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి గుర్తొస్తారు. 1926లో ఆ లోయ ఆయన మనసుకు పట్టడానికి కారణమని చెప్పే మర్రిచెట్టు గుర్తొస్తుంది. ఎక్కడెక్కడి నుంచో పిల్లలు వచ్చి చదువుకునే హాస్టలు బడి గుర్తొస్తుంది. ఆ లోయలో పుట్టినవాటిలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కట్టిపడేసింది మాత్రం ఒక పెట్టె. అందులో అట్ట కార్డులు, వాటిని సర్దే ట్రేలు, గోడకు తగిలించే ఒక నిచ్చెన పటం ఉంటాయి. అక్కడి గ్రామీణ విద్యా విభాగం పేరు రివర్. 1980ల రెండో సగం నుంచి పద్మనాభరావు, రమ దంపతులు పల్లె టీచర్లను కలుపుకుని, చుట్టుపక్కల ఊళ్ల చిన్న బడుల కోసం ఈ సామగ్రి తయారు చేశారు. బయటి ప్రపంచానికి అది ‘స్కూల్ ఇన్ ఎ బాక్స్’గా తెలిసింది.

ఆ పనితనం అర్థం కావాలంటే ముందు ఏకోపాధ్యాయ పాఠశాల కష్టం తెలియాలి. ఒకటే గది, ఒకరే టీచరు, ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు. మూడో తరగతికి లెక్క చెబుతుంటే ఒకటో తరగతి గోల చేస్తుంది, ఐదో తరగతి ఎక్కాలు ఎక్కించుకుంటూ కూర్చుంటుంది. పైగా రాయలసీమ పల్లెలో పిల్లలు వేరుశనగ పీకే రోజుల్లో చేలోకి పోతారు, మేకల వెంట పోతారు, మేనమామ ఊరికి తిరునాళ్లకు పోతారు. తిరిగొచ్చేసరికి పాఠం ముందుకుపోయి ఉంటుంది. చాలామంది పల్లె పిల్లల చదువు తెగిపోయేది సరిగ్గా ఇక్కడే. రివర్ వాళ్లు పిల్లల్ని తప్పుబట్టలేదు. పాఠ్యపుస్తకం కుట్టు విప్పి, దాన్ని చిన్న చిన్న పనులుగా విడగొట్టి, ఒక్కో పనికి ఒక్కో కార్డు చేశారు.

ఏడేళ్ల పిల్ల ఒకతె పది రోజుల తర్వాత బడికొచ్చిందనుకుందాం. టీచరు పిలిచేదాకా ఆగక్కర్లేదు. నేరుగా నిచ్చెన దగ్గరికి వెళ్తుంది. దాని మీద మైలురాళ్లు వరసగా ఉంటాయి. ఒక్కో మైలురాయిలో కొన్ని మెట్లు, ఒక్కో మెట్టుకు ఒక బొమ్మ గుర్తు, ఒక అంకె. తను ఆగిన మెట్టు ఆ పిల్లకు తెలుసు. అదే గుర్తున్న ట్రేలోంచి అదే అంకె కార్డు తీసుకుంటుంది. చదవడం ఇంకా రాని పిల్ల కూడా ఇంతవరకు తనంతట తనే చేయగలదు, ఎందుకంటే దారి చూపించేది బొమ్మ. ఆ గుర్తే తను ఏ గుంపులో కూర్చోవాలో కూడా చెబుతుంది. కొత్త సంగతైతే టీచరు పక్కన. సగం వచ్చిన పనైతే టీచరు అప్పుడప్పుడు తొంగిచూసే చోట. సాధన అయితే తోటి పిల్లలతో. బాగా వచ్చేసిన పనైతే ఒంటరిగా. అంటే టీచరు గొంతు ఎక్కడ తప్పనిసరో అక్కడికే దాన్ని దాచిపెట్టారు. గదిలో ముప్పై మంది ఉన్నా ఆమె చుట్టూ ఉండేది ఆ నిమిషానికి ఆమె కావలసిన కొద్దిమందే.

నేను మరీ మెచ్చుకునేది మైలురాయి లోపలి అల్లిక. ముందు పరిచయం, తర్వాత సాధన, ఆపైన చిన్న పరీక్ష. పరీక్షలో తడబడితే దారి ఒక పక్కకు తిరుగుతుంది. అదే సంగతిని ఇంకో రకంగా నేర్పే కార్డులు అక్కడ సిద్ధంగా ఉంటాయి. గట్టెక్కితే ఇంకో పక్కకు, ఆటలు, కథలు కలిసిన అదనపు పనులకు. తప్పడమన్నది ఇక్కడ నిచ్చెనలో ముందే గీసిపెట్టిన మెట్టు. దానికి మార్కుల చీటీ లేదు, నలుగురిలో నిలబెట్టడం లేదు. బడి పేరు చెబితేనే ముడుచుకుపోయే పిల్లల భయం మాన్పడం అంటే నాకు తెలిసి ఇదే. ఎవరో ఎంతో ఓపికతో, ఏ పిల్ల ఎక్కడ జారుతుందో గమనించి, జారే ప్రతిచోటా ఒక కార్డు పెట్టారు.

అక్షరాల వరసలోనూ ఇలాంటి ఆలోచనే కనిపిస్తుంది. వర్ణమాల క్రమంలో పోతే అచ్చులన్నీ దాటేదాకా పిల్లకు రాయడానికి ఒక్క మంచి మాట దొరకదు. అదే త, ల, వ లాంటివి ముందు చెబితే మొదటి వారంలోనే తల, వల చదివేస్తుంది. ఈ మూడూ నేను ఉదాహరణకు తీసుకున్నవి. గీయడానికి తేలికైనవీ వెంటనే మాటలయ్యేవీ ముందు నేర్పడం ఈ పద్ధతిలోని కిటుకు.

రివర్ పద్ధతిలో మన పాత బడి ఛాయ బలంగా ఉంది. 1823లో బళ్లారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తన జిల్లా బడుల మీద నివేదిక రాశాడు. ఈనాటి అనంతపురం ప్రాంతం అప్పట్లో ఆ జిల్లాలోనిదే. 533 బడులు, 6,641 మంది పిల్లలు అని లెక్క తేల్చాడు. ఇసుకలో వేలితో ఓనమాలు దిద్దించి అతి తక్కువ ఖర్చుతో రాత నేర్పడం, చదువులో ముందున్న పిల్లలు చిన్నవాళ్లకు చెబుతూ తమ చదువు గట్టి చేసుకోవడం ఆయనకు బాగా నచ్చాయి. అర్థం తెలియకుండా పద్యాలు వల్లె వేయించడాన్ని మాత్రం తప్పుపట్టాడు. అంతకు ముందే ఆండ్రూ బెల్ అనే స్కాటిష్ మతగురువు మద్రాసులో ఈ ఇసుక రాతను చూసి, పిల్లల చేతే పిల్లలకు చెప్పించి, ఆ అనుభవం మీద 1797లో ఇంగ్లండులో పుస్తకం అచ్చువేశాడు. పిల్లలే పిల్లలకు చెప్పే ఆ పద్ధతి అక్కడ మద్రాసు పద్ధతిగా పేరు తెచ్చుకుంది. మనం మాత్రం దాన్ని వదిలేసి వయసును బట్టి వరసలు కట్టాం. రివర్ గదిలో తోటి పిల్లల గుంపును చూస్తే ఆ వీధిబడి మంచితనమే మళ్లీ కనిపిస్తుంది, వల్లెవేత లేకుండా. పాతదాన్ని గౌరవించడమంటే ఇలా ఏరుకోవడమేనని నేను నమ్ముతాను.

ఇక ఊరు. ఈ బడుల టీచర్లు ఆ పల్లెల యువతీయువకులే. తల్లులు వచ్చి కథలు చెబుతారు. జానపద కథలు, పాటలు, బొమ్మలాటలు పాఠాల్లోకి వచ్చాయి. మెట్రిక్ మేళా పేరుతో పిల్లలు సంత పెట్టి, ఊరివాళ్ల ముందు తూచి, కొలిచి, లెక్కగట్టి చూపిస్తారు. చదువురాని తండ్రికి కూడా కూతురి లెక్క కళ్లెదుటే తేలుతుంది. బడి చుట్టూ చెట్లు పెంచుతారు. వాన తక్కువైన ఈ నేలలో అది చిన్న పని కాదు. రిషి వ్యాలీ వాళ్లు బోడికొండల మీద మేత ఆపి, మొక్కలు నాటి, నీటిని నిలిపి ఏళ్ల తరబడి పచ్చదనం తెచ్చారు. 1991లో ఆ లోయను పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించుకున్నారు. అలాంటి చోట వేప, కానుగ, తంగేడు, ఉత్తరేణి పిల్లలకు బొమ్మలో చూపించాల్సినవి కావు. ఏ ఆకు దేనికి వాడతారో ఇంట్లో అవ్వను అడిగితే చెబుతుంది.

ఈ పద్ధతి చాలా దూరం పోయింది. కర్ణాటకలో 1995లో హెచ్‌.డి. కోటె దగ్గర మొదలైన ‘నలి కలి’ అనే బోధనా పద్ధతికి, 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బడుల్లో వచ్చిన కార్యాచరణ బోధనకు ప్రేరణ ఇక్కడిదే. అయితే కార్డులు అచ్చేసి పంచినంత మాత్రాన పని అయిపోదు. నలి కలి టీచర్లు రిషి వ్యాలీని చూసొచ్చాక కూర్చుని తమ కన్నడ కార్డులు తామే రాసుకున్నారు, తమ పాటలు చేర్చుకున్నారు. కార్డు రాసిన చేతికి ఏ పిల్ల ఎక్కడ ఆగిపోతుందో తెలుస్తుంది. అచ్చు అందుకున్న చేతికి గుర్తులు, అంకెలే మిగులుతాయి. మన ఏజెన్సీ బడుల్లో కోయ, కువి మాట్లాడే పిల్లల కోసం ఎవరైనా నిచ్చెన గీయదలిస్తే, మొదటి కార్డు ఆ ఊరి టీచరమ్మ చేతే రాయించాలి.