రెండుకు నూటమూడో ఘాతం

కాగితం లేదు, కలం లేదు, అసలు పుట్టుకతో చూపే లేదు. 1966లో హైదరాబాదు గణితావధాన సభలో పృచ్ఛకుడు ‘రెండుకు నూటమూడో ఘాతం ఎంత?’ అని అడిగితే, లక్కోజు సంజీవరాయశర్మగారు తడుముకోకుండా 10141204801825835211973625643008 అని చెప్పేశారట. ముప్పైరెండు అంకెలు! ప్రొద్దుటూరు దగ్గరి కల్లూరులో 1907లో పుట్టిన ఈ మహానుభావుడు వయొలిన్ వాయిస్తూనే, పుట్టినతేదీ చెబితే చాలు, వారం, తిథి, నక్షత్రం చెప్పేవారు.

ఆ సంఖ్య అందం చూడండి. ఎనిమిది దగ్గర మొదలుపెట్టి రెట్టిస్తూ పోతే, చివరి మూడంకెలు నూరు మెట్లకోసారి మళ్లీ అవే వస్తాయి. మూడో ఘాతం 8. నూటమూడోది దానికి సరిగ్గా నూరు మెట్ల అవతల ఉంది కనుక 008తో ముగిసి తీరాలి. ముగిసింది! అంకెలన్నీ కూడితే 110, మళ్లీ కూడితే 2. రెండుకు వచ్చే ఘాతాల అంకెలను ఇలా కూడుతూ పోతే 2, 4, 8, 7, 5, 1 అని ఆరేసి చొప్పున తిరుగుతాయి. 103ను ఆరుతో భాగిస్తే మిగిలేది ఒకటి, కాబట్టి 2 రావలసిందే. కొసలు పట్టుకోవడానికి, తప్పు పట్టడానికి ఇన్ని ఉపాయాలున్నాయి గానీ, నడిమి అంకెలకు అడ్డదారి లేదు. గుణించాలి, పై స్థానానికి మోయవలసింది మోయాలి, ఏదీ జారిపోకూడదు. అసలు విద్వత్తు అక్కడుంది.

అంకెల్ని నాలుక మీద నిలపడానికి పెద్దలు అంకెకో మాట చొప్పున భూతసంఖ్యలు పెట్టారు. ‘గజ గగన గగనాగ్ని వేద ఋతు శర నేత్ర’ అనుకోండి. 8, 0, 0, 3, 4, 6, 5, 2. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు పేర్చితే మన సంఖ్యలోని చివరి ఎనిమిదంకెలూ వచ్చేశాయి. చదరంగం గళ్లలో గింజలు రెట్టిస్తూ పోస్తే అయ్యే 18446744073709551615ను ఇలాగే పద్యంలో బిగించారు. ఆ పద్యం గణితకవి పావులూరి మల్లనదే అంటారు.

ఇంత సొత్తు ఉండి, ఇవాళ మనం ఏం చేస్తున్నాం? ఐదుతో ముగిసే సంఖ్యల వర్గాలు, పదకొండుతో గుణకారాలు నాలుగు నేర్పి, ‘వేద గణితం’ అని బోర్డు కట్టి, వేలకు వేలు ఫీజు గుంజుతున్నారు. ఎందుకలా వస్తుందని పిల్లవాడు అడిగితే మాస్టారు నీళ్లు నములుతాడు. పతకం మాత్రం మెళ్లో పడుతుంది! శకుంతలాదేవి 1980లో లండన్‌లో రెండు పదమూడంకెల సంఖ్యలను 28 సెకన్లలో గుణించారు, లోకమంతా చప్పట్లు కొట్టింది. కొట్టవలసిందే. కానీ మన శర్మగారి పేరు చెబితే మన పిల్లలే ‘ఎవరాయన?’ అంటున్నారు. నా మటుకు ఆయన తర్వాతే ఎవరైనా.

అష్టావధానాలకు శాలువాలు కప్పే సభలవారికి ఒక్క విన్నపం. ఏటా ఒక్క గణితావధానం పెట్టండి. లెక్కల మాస్టార్లను పృచ్ఛకులుగా కూర్చోబెట్టండి. జవాబు చెప్పాక, అదెలా వచ్చిందో కూడా అవధానిచేత చెప్పించండి.