కీర్తియు, మఱుగును: రాధికాసాంత్వన చరిత్రము

లోకమున ప్రసిద్ధికెక్కిన జీవితము మేలా, ప్రతిభ యుండియు గుర్తింపు లేక గడచిన జీవితము మేలా యను ప్రశ్న సాహిత్యగోష్ఠులలో తఱచు వినవచ్చును. పెక్కుమంది రెండవదానినే మెచ్చుకొందురు. కీర్తి యశాశ్వతమనియు, మఱుగున నున్న ప్రతిభయే నిర్మలమనియు వారి తాత్పర్యము. ఈ తీర్పు ఎంతవఱకు నిలుచునో తెలిసికొనుటకు తంజావూరి కవయిత్రి ముద్దుపళని కావ్యచరిత్రము చక్కని ఒరగల్లు.

ముద్దుపళని మహారాష్ట్ర ప్రభువగు ప్రతాపసింహుని (1739–1763) ఆస్థానమున వెలసిన గణిక, విదుషి. ఆమె రచించిన రాధికాసాంత్వనము నాలుగాశ్వాసముల శృంగార ప్రబంధము. రాధ తాను పెంచిన ఇళను తానే కృష్ణునకు పెండ్లి చేయును. దాంపత్య ధర్మములను తానే బోధించును. పిమ్మట విరహమున వేగిపోవును. తుదకు కృష్ణుడు వచ్చి ఆమె అలుక తీర్చును. నంది తిమ్మన పారిజాతాపహరణమున సత్యభామ అలుకకు కారణము ఇతరులు చేసిన పని. ఇచట రాధ దుఃఖమునకు మూలము ఆమె చేతులార చేసిన పనియే. సవతిపై అసూయ యున్నది. ఆ సవతి తాను పెంచిన బిడ్డ యను మమకారమును ఉన్నది. ఈ రెండింటి నడుమ నలిగిన హృదయమును చూపుటయే కావ్యమునకు ప్రాణము. శృంగార వర్ణనలను మాత్రమే లెక్కించినవారికి ఈ ప్రాణము కనబడలేదు.

ఈ కవయిత్రి కీర్తిని రోసినది కాదు. పండితులను తాను సత్కరించిన సంగతిని, తనకు కృతులు అంకితమైన సంగతిని అవతారికలో నిస్సంకోచముగా చెప్పుకొన్నది. ఆ గర్వము కావ్యమునకు లోపమైనదా? కాలేదు. కనుక కీర్తి ప్రతిభను చెఱచునను మాట సర్వత్ర చెల్లదు.

తరువాతి కాలము ఆ కీర్తిని తుడిచివేసినది. 1887 నాటి ముద్రణమున అవతారికయు, కొన్ని పద్యములును విడువబడినవి. కందుకూరి వీరేశలింగముగారు ఇందలి శృంగారమును తీవ్రముగా గర్హించిరి. మైసూరు సీమలో పుట్టిన విదుషి బెంగళూరు నాగరత్నమ్మ వ్రాతప్రతిని సంపాదించి, 1910లో సమగ్రముగా ప్రకటించినది. మఱుసటి యేట దొరతనమువారు ఆ గ్రంథమును నిషేధించిరి. 1947లో గాని ఆ నిషేధము తొలగలేదు. కావ్యమునందు ఒక్క యక్షరమును మాఱలేదు. మాఱినది చదువరుల చూపు మాత్రమే. ఆ మఱుగువలన కవయిత్రి ప్రతిభ నిర్మలమైనదని చెప్పవచ్చునా? నష్టపోయినవారు తెలుగు పాఠకులు.

ఈ నాగరత్నమ్మయే తిరువయ్యారున త్యాగరాజస్వామి (1767–1847) సమాధికి ఆలయము కట్టించినది. త్యాగరాజు రాజాశ్రయమును కాదని ఉంఛవృత్తితో జీవించెనని సంప్రదాయము చెప్పుచున్నది. గుర్తింపు లేని బ్రతుకే మేలనుటకు ఆయనను దృష్టాంతముగా చూపువారు ఒక్క విషయము మఱతురు. ఆయన వదలుకొన్నది ధనమును, కొలువును, వినువారిని కాదు. వాలాజపేట, ఉమయాళ్‌పురము, తిల్లస్థానము శిష్యులు ఆ కీర్తనలను నేర్చి, ముందుతరములకు అందించిరి. వారిలో వాలాజపేట వేంకటరమణ భాగవతులు సౌరాష్ట్రులు. ఇంటిభాష వేఱైనను తెలుగు కీర్తనను కాపాడినవారు.

కావున కీర్తిని వదలుకొనుట వేఱు. పాఠకుని, శ్రోతను కోల్పోవుట వేఱు. మొదటిది కళాకారుని ఇష్టము. అది శీలమునకు వన్నె తెచ్చును. రెండవది సంఘము చేసిన అపచారము. దానిని కళాకారుని సుగుణముగా పొగడుట, చేసిన తప్పును సులభముగా కప్పిపుచ్చుకొనుటయే. ప్రశ్నలోని రెండు జీవితములలో ఏది మేలనగా, తన పనిని తాను నమ్మినదియే మేలు. ముద్దుపళని కొలువులో నుండియు, త్యాగరాజు కొలువును కాదనియు ఆ నమ్మకమును చూపిరి. గుర్తింపు సంగతి వారిది కాదు, తరువాతివారిది.

తెలుగునాటికి వెలుపల తరతరములుగా నెలకొన్న కుటుంబములకు ఈ చరిత్రము దూరపుది కాదు. తంజావూరున పుట్టిన కావ్యమును మైసూరు సీమ విదుషి బ్రతికించినది. అట్టి తాటాకు ప్రతి యేదైన ఇంటి అటుకపై నున్నచో, దాని కవి ప్రసిద్ధుడా కాడా యని విచారింపక ముందుగా దానిని విప్పి చదువుట మేలు.