తొట్టిలో ఎంత ఉన్నది? — సూచికల సాక్ష్యముపై ఒక విమర్శ

మూతవేసిన తొట్టిలో ఎంత ద్రవమున్నదో బయటనుండి తెలుసుకొనడము చూడడానికి చాలా చిన్న సమస్య. చేదకు తాడు ఎన్ని బారలు పోయినదో చూచి బావిలోని నీటిమట్టము చెప్పగలిగిన గృహిణులు మన పల్లెలలో ఉండేవారు. కాని ఆ ద్రవము మురికిదైనప్పుడు, లేదా మండేదైనప్పుడు, లేదా తనంత తాను వేడెక్కే స్వభావము కలదైనప్పుడు ఈ చిన్న సమస్యయే పెద్ద చిక్కుగా మారుతుంది. ఆ చిక్కు తీరడానికి మనము గోడకు తగిలించుకొన్న దీపాలు, ముళ్ళు, అంకెలు ఎంతవరకు నమ్మదగినవి అనే విషయమును ఈ వ్యాసములో విచారించుదాము.

ఇల్లువలె నివసించడానికి వీలైన మోటారు బండ్లు విదేశాలలో విరివిగా ఉన్నవి. కారవాను అనే పేరుతో మన దేశములో కూడ అక్కడక్కడ కనబడుతున్నవి. వీటి అడుగున సామాన్యముగా మూడు తొట్లుంటాయి: మంచినీటికి ఒకటి, స్నానమునకు, గిన్నెలు కడగడానికి వాడిన నీటికి ఒకటి, మరుగుదొడ్డికి ఒకటి. మొదటి తొట్టి సూచికతో పెద్దగా పేచీ ఉండదు. మూడవదాని సూచిక మాత్రము కొద్దినెలలలోనే మొరాయిస్తుంది. తొట్టిని పూర్తిగా ఖాళీచేసి తెచ్చినా, పలకమీద 'మూడింట రెండువంతులు' అనే దీపము వెలుగుతూనే ఉంటుంది. సెన్సరు అబద్ధమాడుతున్నదని యజమానుల ఫిర్యాదు. సెన్సరు అబద్ధమాడలేదని నా వాదము. అసలు అది మట్టమును కొలుస్తున్నదని ఎవరు చెప్పారు?

ఆ పరికరము చాలా సులువైనది. తొట్టి గోడలో వేరువేరు ఎత్తులలో లోహపు మొలలు బిగిస్తారు. బ్యాటరీనుండి స్వల్పమైన విద్యుత్తును వాటికి అందిస్తారు. ద్రవము పైకి వచ్చి, అడుగు మొలను పై మొలతో కలిపినప్పుడు వలయము పూర్తియై దీపము వెలుగుతుంది. స్వచ్ఛమైన నీరు మంచి వాహకము కాదు. లవణాలు, సబ్బు, మూత్రము కలిసిన నీరు మంచి వాహకమే. ఇంతవరకు బాగానే ఉన్నది. కాని తొట్టిని ఖాళీచేసినప్పుడు కాగితపు ముక్కలు, జిడ్డు, మలినము గోడకు పల్చని పొరగా అంటుకొని ఉంటాయి. ఆ పొర తడిగా ఉన్నంతకాలము అది కూడ వాహకమే. పొరలో ప్రవహించే విద్యుత్తు అల్పమే కావచ్చును. కాని ఏ ద్రవము వచ్చినా పసిగట్టవలెనని దీపపు వలయమును అల్పప్రవాహానికే స్పందించేటట్లు నిర్మించారు గదా! కనుక ఖాళీతొట్టిలోను దీపము వెలుగుతుంది. ఆ దీపము చెప్పేది 'ఈ రెండు మొలలమధ్య విద్యుత్తుకు దారి ఉన్నది' అని మాత్రమే. అది సత్యమే. దానిప్రక్కన 'రెండువంతులు' అని వ్రాసిపెట్టినది మనము.

తక్కిన పద్ధతులు దీనికంటె మేలైనవా? కొన్ని మేలైనవే, కాని ప్రతిదానికీ తనదైన గ్రుడ్డితనమున్నది. ప్లాస్టిక్ తొట్టికి వెలుపల రేకుపట్టీలు అంటించి విద్యుద్ధారకత మార్పును కొలిచే పద్ధతిలో మలినము లోహమును తాకదు. పల్చని పొరను లెక్కచేయకుండా అమర్చుకొనవచ్చును. అయితే లోహపు తొట్టికి ఇది పనికిరాదు. తేలెడు బంతి జిడ్డుకు అంటుకొని నిలిచిపోతుంది. పైకప్పునుండి అతిధ్వని తరంగాలను పంపి, ప్రతిధ్వని రావడానికి పట్టిన కాలమును లెక్కించే పద్ధతి కలదు. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద గాలిలో ధ్వనివేగము సెకనుకు సుమారు 343 మీటర్లు. ఒక మీటరు లోతునుండి ప్రతిధ్వని రావడానికి సెకనులో వెయ్యవవంతులు ఆరుకంటె కొంచెము తక్కువ పడుతుంది. కాని నురుగు ధ్వనిని మ్రింగివేస్తుంది. గొట్టముక్రింద కుప్పపడిన పదార్థమున్నచో ఆ కుప్ప శిఖరమే ద్రవమట్టముగా నమోదు అవుతుంది. అడుగున పీడనమును కొలిచే పద్ధతి నాకు అన్నింటికంటె ఇష్టమైనది. ఒక మీటరు నీటిస్తంభము దాదాపు 9.8 కిలోపాస్కళ్ళ పీడనమును కలిగిస్తుంది. గోడలమీద ఏమి అంటుకొన్నా దానికి పట్టదు. అయితే దాని రంధ్రము బురదతో మూసుకొనిపోతే, నిన్నటి అంకెనే ఈరోజు కూడ చూపుతూ ఉండవచ్చును.

మన పాఠ్యగ్రంథాలలో ఈ విషయాలు కనబడవు. అందులోని గాజుబీకరు ఎప్పుడూ శుభ్రముగానే ఉంటుంది, నీరు ఎప్పుడూ స్వచ్ఛముగానే ఉంటుంది, ఉష్ణమాపకమును ద్రవములో ఎక్కడ ఉంచినా ఒకే అంకె వస్తుంది. పరీక్షలో 'మాపకపు సూత్రమును వివరింపుము' అని అడుగుతాము. 'ఈ మాపకము ఎప్పుడు మోసగించును?' అని అడిగిన ప్రశ్నపత్రమును నేను చూడలేదు. సూత్రము చదివి ఉత్తీర్ణుడైన విద్యార్థియే రేపు కర్మాగారములో సూచికల పలకముందు కూర్చుండబోతున్నాడు.

విశాఖపట్నమువంటి రేవుపట్టణములో ఈ ప్రశ్న పుస్తకాలకే పరిమితమైనది కాదు. ఓడలనుండి మురుగు సముద్రములో కలవకుండా చేసిన అంతర్జాతీయ ఒడంబడిక మార్పోల్ నాలుగవ అనుబంధము 2003 సెప్టెంబరు 27న అమలులోకి వచ్చింది. దానిప్రకారము శుద్ధిచేయని మురుగును తీరమునకు కనీసము 12 నాటికల్ మైళ్ళ దూరములో, ఓడ నాలుగు నాట్లకు తగ్గని వేగముతో పోతున్నప్పుడే, కొద్దికొద్దిగా వదలవలెను. అంతవరకు నిలువ చేసే తొట్టిలో ఎంత ఉన్నదో కంటికి కనబడే సాధనము ఉండవలెనని ఆ నియమావళి చెబుతున్నది. మంచి నియమమే. కాని కంటికి కనబడడము వేరు, కనబడినది నిజము కావడము వేరు. మొదటిదానిని ఇన్‌స్పెక్టరు ఒక్కచూపుతో తనిఖీ చేయగలడు. రెండవదానికి తొట్టిని ఖాళీచేసి చూడవలసినదే.

ఇక మురుగును విడిచి ఈ ఊరిలోనే జరిగిన విషాదమును పరిశీలించుదాము. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురములోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెలువడి చుట్టుపట్ల ఇండ్లను క్రమ్ముకొన్నది. నిద్రలోనున్న జనులు వీధులలోకి పరుగెత్తి పడిపోయినారు. పన్నెండుమంది మరణించినట్లు, వందలమంది ఆసుపత్రుల పాలైనట్లు నమోదైనది. రాష్ట్ర ప్రభుత్వము నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన నియమించిన ఉన్నతాధికార సంఘము 2020 జూలైలో నివేదిక సమర్పించింది. ఆవిరి వెలువడినది 'ఎం6' అనే నిలువ తొట్టినుండి.

స్టైరీను 145 డిగ్రీలవద్ద మరిగే ద్రవము. దాని అణువులు ఒకదానితో నొకటి గొలుసుగా చేరి పాలిస్టైరీనుగా మారగలవు. అలా చేరినప్పుడల్లా వేడి పుడుతుంది, ఆ వేడి చర్యను మరింత త్వరితము చేస్తుంది. దీనిని అదుపులో ఉంచడానికి ద్రవమును చల్లగా ఉంచవలెను, టెర్షియరీ బ్యుటైల్ కేటికాల్ అనే నిరోధకమును తగినంత కలపవలెను. ఈ నిరోధకము పనిచేయడానికి ద్రవములో కొంత ఆక్సిజను కూడ కరిగి ఉండవలెను. వేడియైన ద్రవము తేలికయై పైకి చేరుతుంది, చల్లని ద్రవము అడుగున నిలుస్తుంది. కలియత్రిప్పకపోతే ఆ రెండు పొరలు అట్లే ఉండిపోతాయి. కాఫీగిన్నెలో అడుగున పంచదార, పైన చేదు ఉన్నట్లే.

ఎం6 తొట్టిలో ఉష్ణమాపకము అడుగుభాగమున మాత్రమే ఉన్నదని, మధ్యన, పైన లేవని సంఘము కనుగొన్నది. 2019 డిసెంబరులో ద్రవమును త్రిప్పే గొట్టాల అమరికలో చేసిన మార్పు మూలమున కలయిక సరిగా జరుగలేదని, శీతలీకరణమును రోజంతా నడుపలేదని, నిరోధకము చాలినంత లేదని కూడ తేల్చినది. లాక్‌డౌన్ రోజులవటముచేత ద్రవము వాడకము లేక నిలిచిపోయి ఉన్నది. పై పొర తనంత తాను వేడెక్కుతున్నది. అడుగున ఉష్ణమాపకము చల్లని అంకెను చూపుతున్నది.

ఇక్కడ పాఠకులు ఒక విషయమును గమనించవలెను. ఆ ఉష్ణమాపకము చెడిపోలేదు. అది తానున్నచోటి ఉష్ణోగ్రతను చెప్పింది. ఆ అంకెను 'తొట్టి ఉష్ణోగ్రత' అని పుస్తకములో వ్రాసుకొనడములోనే దోషమున్నది. పొరలుగా విడిపోయిన ద్రవానికి ఒకే ఉష్ణోగ్రత అనేది లేదు. కారవాను దీపముప్రక్కన 'రెండువంతులు' అని వ్రాయడమూ, ఇదీ ఒకే జాతికి చెందిన పొరపాట్లు. మొదటిదానిలో దుర్వాసన మిగులుతుంది. రెండవదానిలో ఊరు పోయినంత పనియైనది.

మరి రెండు ఉష్ణమాపకాలు అదనముగా పెట్టియుంటే సరిపోయేదా అని అడుగవచ్చును. పెట్టవలసినదే, సందేహము లేదు. కాని నా దృష్టిలో అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ద్రవములో పాలిమరు ఎంత ఏర్పడినదో కూడ ఆ కర్మాగారములో పరీక్షించేవారు. ఏప్రిల్ నెలాఖరునాటికే ఆ అంకె పెరగసాగినదని, దానిని హెచ్చరికగా తీసుకొనలేదని నివేదిక చెబుతున్నది. అనగా రెండవ సాక్షి ఉన్నాడు, సాక్ష్యమిచ్చినాడు కూడ. చల్లగా ఉన్నదని ఒక సాక్షి, చర్య సాగుతున్నదని మరొక సాక్షి చెప్పినప్పుడు వారిద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి ప్రశ్నించవలెను. ఆ పని ఏ సెన్సరూ చేయలేదు. అంకెలు చదివే మనిషి చేయవలెను, చేసే అధికారము అతనికి ఉండవలెను. ప్రమాదపు గంటలుకూడ అక్కడ ఉన్నవి, మ్రోగించలేదు.

సూచిక నిజముగానే చెడిపోయిన ఉదాహరణ ఇంగ్లండులో ఉన్నది. 2005 డిసెంబరు 11న బన్స్‌ఫీల్డు చమురు నిలువ కేంద్రములో 912 నెంబరు తొట్టిలోకి పెట్రోలు ఎక్కుతూ ఉండగా మట్టపు సూచిక ఒకచోట ఆగిపోయింది. పొంగకుండా ఆపవలసిన రెండవ మీటకూడ పనిచేయలేదు. దానిని పరీక్షించిన తరువాత లివరుకు తాళము బిగించి ఉంచవలెను, బిగించలేదు. పెట్రోలు పొంగి, ఆవిరిమేఘము అంటుకొని ప్రేలింది. నలభైమందికి పైగా గాయపడినారు. ఆదివారము తెల్లవారుజాము గనుక ప్రాణనష్టము తప్పినది. విచారణలో తేలిన సంగతి ఏమనగా, ఆగస్టు 31నుండి ఆ రోజువరకు ఆ సూచిక పద్నాలుగుసార్లు ఇరుక్కొన్నది! ప్రతిసారి కదిలించి సరిచేశారు. పద్నాలుగుసార్లు అలవాటైన దోషమును పదిహేనవసారి ఎవరు దోషమంటారు?

మనకు పుట్టుకతో వచ్చిన సెన్సరు ముక్కు. దానినికూడ విమర్శించక తప్పదు. సెప్టిక్ ట్యాంకులలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడు కొద్దిపాటిగా ఉన్నప్పుడు కుళ్ళిన గ్రుడ్ల వాసన వేస్తుంది. గాలిలో పదిలక్షల వంతులకు వంద వంతుల ప్రాంతానికి చేరగానే అది ఘ్రాణనాడులను మొద్దుబారుస్తుంది. వాసన తగ్గినదనుకొని దిగినవాడు తిరిగి రాడు. ట్యాంకు నిండినదో లేదో తెలియక మనిషిని దింపి చూచే దుర్మార్గము ఇంకను అక్కడక్కడ జరుగుతున్నది. రక్షణ లేకుండా అలా దింపడమును 2013 నాటి చట్టము నిషేధించినది.

దింపవలసిన అవసరము కూడ లేదు. లోపలికి పోయిన నీటిని లెక్కించడమే కారవాను యజమానులకు నమ్మకమైన సూచిక. మంచినీటి తొట్టిలో ఎన్ని లీటర్లు తగ్గినవో అన్ని లీటర్లు తక్కిన రెండింటిలో చేరియుండవలెను. ఖాళీచేసిన వెంటనే కొలిచి నీరుపోసి ఏ దీపము ఎప్పుడు వెలిగినదో ఒకసారి వ్రాసుకొంటే, ఆ పలక ఎంత నమ్మదగినదో తెలిసిపోతుంది. సెప్టిక్ ట్యాంకు విషయములో పొడవైన కర్రకు తెల్లని తువ్వాలు చుట్టి, మూత తెరచిన తరువాత కొంతసేపు గాలికి వదలి, దగ్గర నిప్పు లేకుండా చూచుకొని, పైనుండే అడుగుదాకా దింపవలెను. కొన్ని నిమిషాల తరువాత మెల్లగా పైకి తీస్తే బురద ఎంత ఎత్తున్నదో తువ్వాలుమీద నల్లని మరక చూపుతుంది. బురద ట్యాంకు లోతులో మూడవవంతుకు చేరినచో తోడించే బండిని పిలువవచ్చును.