ఒక మూకచిత్రమున పాఠవిచారము

గ్రంథములకువలెనే చలనచిత్రములకును పాఠభేదములు గలవు. ఎడ్విన్ ఎస్. పోర్టరు అమెరికాలో ఎడిసన్ సంస్థకై నిర్మింపఁగా 1903వ సంవత్సరము జనవరిలో వెలువడిన ‘లైఫ్ ఆఫ్ యాన్ అమెరికన్ ఫైర్‌మ్యాన్’ అను మూకచిత్రము ఇందులకు నిదర్శనము.

ఇందలి కథ స్వల్పము. అపాయసూచకయంత్రపు పిడిని ఒక హస్తము లాగును. నిద్రించుచున్న అగ్నిమాపకభటులు మేల్కాంచి స్తంభము వెంబడి జాఱి దిగుదురు. గుఱ్ఱపుబండ్లు వీథులఁ బరుగిడును. మండుచున్న యింటినుండి ఒక తల్లియు బిడ్డయు రక్షింపఁబడుదురు. వివాదమంతయు ఈ కడపటి ఘట్టమును గూర్చియే.

ఒక ప్రతియందు దృశ్యము గదిలోపలికిని వెలుపలికిని మాఱిమాఱి పోవుచు రక్షణమును ఒక్కమాఱే చూపును. రెండవ ప్రతియందు, భటుఁడు తల్లిని, పిమ్మట బిడ్డను గొనిపోవుట మొదట గదిలోపలనుండి సాంతముగాఁ జూపఁబడి, ఆ కార్యమే మరల ఆద్యంతము వీథినుండి చూపఁబడును. మొదటి ప్రతిని నమ్మి, దృశ్యములను ఇట్లు పెనవేయు నేర్పునకు పోర్టరే ఆద్యుఁడని కొందఱు చరిత్రకారులు వ్రాసిరి.

కాని రెండవ ప్రతికి బలమైన సాక్ష్యము గలదు. అమెరికా శాసనము 1912 వఱకు చలనచిత్రములను ప్రత్యేకముగా గుర్తింపలేదు గావున, నిర్మాతలు హక్కుల రక్షణకై బొమ్మలను కాగితముపై ముద్రించి సమర్పించుచుండిరి. విడుదల కాలముననే అట్లు సమర్పింపఁబడి వాషింగ్టనులోని కాంగ్రెసు గ్రంథాలయమున నిలిచిన ప్రతి యిదియే. 1970వ దశకాంతమున ఆంద్రే గోద్రో, చార్లెస్ మస్సరు మున్నగువారు దీనినే మూలముగా స్థాపించిరి. మొదటిది తరువాతివారు కత్తిరించి యతికినది.

పూర్వపక్ష మొకటి గలదు. 1901లో ఇంగ్లండునందు జేమ్స్ విలియమ్సన్ నిర్మించిన ‘ఫైర్!’ చిత్రమున, భటుఁడు గదిలోనుండి గవాక్షము దాఁటఁగానే వెలుపలి దృశ్యము ఆ చేష్టనే కొనసాగించుచున్నది. పోర్టరునకు అది యేల తెలియకుండవలెను? తెలిసియుండవచ్చును. అయినను సాధ్యమైనదెల్ల సిద్ధము కాదు. ఒకే కార్యమును రెండుమాఱులు చూపుట నాఁటి కథనమున అపూర్వమును గాదు: 1902లో జార్జి మెలియే తీసిన చంద్రయాత్రాచిత్రమున వాహనము చంద్రునిపై దిగుట రెండుమాఱులు కానవచ్చును. పునరుక్తి మనకు దోషముగాఁ దోఁచినంతమాత్రమున లేఖకదోషము కాఁజాలదు.

పద్యములను తమ రుచికొలఁది దిద్దిన పరిష్కర్తల నెఱిఁగిన మనకు ఇది క్రొత్త కాదు. సవరణ యెంత రమ్యమో యంత ప్రమాదకరము; ఏలయన, రమ్యత శంకను మాన్పును. ఆ దిద్దుబాటువలన పోర్టరు తాను చేయనిదానికి కీర్తి పొందెను, చేసినది మఱుఁగుపడెను.