పిలువని జ్ఞాపకములు – స్వీయచరిత్రలు

స్వీయచరిత్రలను విమర్శింపబూనినవారు సాధారణముగా రెండు ప్రశ్నలు వేయుదురు. రచయిత నిజము చెప్పెనా? చెప్పినదానిని చక్కగా చెప్పెనా? ఈ రెంటికంటె ముందు వేయదగిన ప్రశ్న మఱియొకటి కలదని మాకు తోచుచున్నది. ఆ జ్ఞాపకము పిలువగా వచ్చినదా, పిలువకయే వచ్చినదా? ఈ భేదమును పాటింపనిచో సత్యసంధుడైన రచయితయు అసత్యము వ్రాయగలడు. ఇది పరులను చూచి చెప్పుమాట కాదు. మా యనుభవమే ఇందుకు సాక్షి.

ఆదివారము ఆబిడ్సులో దుకాణములు మూసియుండగా వాని ముందఱి కాలిబాటలపై పాతపుస్తకములు పఱచి అమ్ముదురు. నెలకొకమాఱైన అచ్చటికి పోవుట మాకు అలవాటు. గత వేసవిలో అట్లు పోయి, ఒక నిఘంటువును తీసికొనుటకై దానిపైనున్న పాఠశాలా వాచకమును ప్రక్కకు పెట్టబోయితిమి. దానికి పాత కేలండరు కాగితముతో అట్ట వేసియుండెను. అంచున మైదాపిండి జిగురు ఎండి పెచ్చులు కట్టియుండెను. చేయి తగిలిన ఆ క్షణముననే మా అక్క కన్నులకు కట్టెను. వంటింటి గడపపై కూర్చుండి మా కాలేజీ పుస్తకములకు ఆమె అట్టలు వేయుచున్నది. ఒక్కొక్క పుస్తకమును తెఱచి, రెండుమూడు పుటలు చదివి, అటుతరువాతనే జిగురు పూయుచున్నది.

ఇది ముప్పది యేండ్లనాటి మాట. పదవ తరగతితో ఆమె చదువు ఆగెను. రెండేండ్లకు మేము కాలేజీలో చేరితిమి. ఆ యేడే ఆమె పెండ్లి జరిగెను. ఈ దృశ్యము ఇన్నియేండ్లలో ఒక్కసారియు మాకు స్ఫురించియుండలేదు.

స్ఫురింపకుండుటయే కాదు. నాలుగేండ్ల క్రిందట మా తండ్రిగారి డెబ్బదవ జన్మదినమునకు కుటుంబ చరిత్రనొకదానిని వ్రాసి అచ్చువేయించితిమి. అందు, మా అక్కకు చదువుపై మక్కువ లేకపోయెనని ఒక వాక్యము కలదు. బల్లముందు కూర్చుండి, బుద్ధిపూర్వకముగా స్మరించి వ్రాసిన వాక్యమది. అబద్ధమాడవలెనను తలంపు లేశమైనను లేదు. కాని ఆ వాక్యము ఎవరికి అనుకూలము? ఇంటిలో ఒక్కరికే ఫీజు కట్టగలిగిన కాలమున ఆ ఒక్కరము మేమైతిమి. ఆమెకు మక్కువయే లేదనుకొన్నచో మాకు ఋణమును లేదు. పిలిచిన జ్ఞాపకము పిలిచినవానికి కావలసిన ఉత్తరమునే తెచ్చి యిచ్చినది.

ఆ వాచకమును కొని నాంపల్లి స్టేషనువైపు నడచుచుండగా మాకు ఫ్రాన్సిస్ గాల్టను నడక గుర్తువచ్చెను. ఆయన లండనులోని పాల్ మాల్ వీధిలో 450 గజములు మెల్లగా నడచి, కంటబడిన సుమారు 300 వస్తువులు తన మనస్సులో ఏయే తలంపులను లేపినవో గమనించి, 1879లో ప్రకటించెను. తాను మఱచితినని తలచిన జీవితఘట్టములు ఎన్నియో తిరిగివచ్చినందుకు ఆశ్చర్యపడెను. కొన్ని దినములకు మరల నడచి చూడగా, పెక్కు తలంపులు మొదట వచ్చినవే మరల వచ్చినవి. ఆబిడ్సునుండి నాంపల్లికి నడచువారికి ఇట్టి పరీక్ష ప్రతిదినమును జరుగుచునే యున్నది. ఆబిడ్సు అను పేరే ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుగారి కొలువున నుండిన ఆల్బర్టు ఆబిదు పెట్టిన దుకాణమువలన వచ్చినది. దుకాణము పోయినను గుర్తు నిలిచినది. మనస్సు నడచు దారియు ఇట్టిదే.

జర్మను శాస్త్రజ్ఞుడు ఎబ్బింగ్‌హౌసు 1885లో జ్ఞాపకమును గూర్చి వ్రాసిన గ్రంథమున, ఇచ్ఛచే రప్పింపబడు స్మరణమును, తనంత వచ్చు స్మరణమును వేఱువేఱుగా పేర్కొనెను. కాని అర్థములేని అక్షరములను వల్లెవేసి కొలుచు ఆయన పద్ధతినే తరువాతివారు అనుసరించుటచే, పిలువని జ్ఞాపకము చాలకాలము పరిశోధకుల గడప తొక్కలేదు. డెన్మార్కు దేశమున డోర్తె బెర్న్‌ట్‌సెన్ అను విదుషి 1996లో ప్రకటించిన పరిశోధనలో, అట్టి జ్ఞాపకము వచ్చినప్పుడెల్ల విద్యార్థులచేత వ్రాయించి చూచెను. మనస్సు ఒకేపనిపై బిగియక సడలియున్నప్పుడు ఇవి హెచ్చుగా వచ్చును. పరిసరములలోని ఏదో ఒక వస్తువు వీనిని తట్టిలేపును. పిలిచిన జ్ఞాపకములకంటె ఇవి ఒకానొక దినమున, ఒకానొక చోట జరిగిన ఘటనలనే హెచ్చుగా చూపును.

ఇది మన పెద్దలకు తెలియని విషయము కాదు. గౌతముడు న్యాయసూత్రముల మూడవ అధ్యాయమున స్మృతికి కారణములను ఇరువదికి పైగా లెక్కించెను. వానిలో మొదటిది ప్రణిధానము, అనగా మనస్సును పూనికతో నిలుపుట. తక్కినవానిలో సాదృశ్యము, వియోగము, భయము, సుఖదుఃఖములు మొదలైనవి కలవు. పూనిక అనేక కారణములలో ఒకటి మాత్రమే యని దీని తాత్పర్యము. స్వీయచరిత్రకారులు ఆ మొదటిదానినే ఆశ్రయించి తక్కినవానిని విడిచిరి.

కాళిదాసు ఈ మర్మమును నాటకముగానే నడిపెను. శాకుంతలము అయిదవ అంకము మొదట హంసపదిక పాట వినినంతనే దుష్యంతుడు కారణము తెలియక కలతపడును. కొంతసేపటికి శకుంతల సభకు వచ్చును. అప్పుడాతడు పూనికతో స్మరించి, ఈమెను వరించినట్లు గుర్తులేదని చెప్పి తిరస్కరించును. శాపము మాట అటుంచుడు. పిలువని కలత అంతకుముందే సాక్ష్యమిచ్చినది. రాజు దానిని విచారింపక, స్త్రీనే శంకించెను. మా కుటుంబ చరిత్రలో మేము చేసినదియు ఇదియే.

ఇక తెలుగు గ్రంథములకు వత్తము. కందుకూరి వీరేశలింగము పంతులుగారి స్వీయచరిత్రము 1911లోను, 1915లోను రెండు భాగములుగా వెలువడెను. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించిన ఆ మహాశయుడు తన పోరాటమును వాదించి నిలుపుకొనవలసియుండెను. పిలిచిన జ్ఞాపకమునకు అది గొప్ప నిదర్శనము. ఆ పనికి అట్టి వ్రాతయే తగును. కాని ఆ పోరాటములో ఇంటి భారము మోసిన రాజ్యలక్ష్మమ్మగారిని మనము ఎక్కువగా ఇతరుల వ్రాతల ద్వారానే ఎఱుగుదుము. ఆమెకు ఏ మాటలు, ఏ రాత్రులు పిలువకయే తిరిగివచ్చెడివో ఆ పుటలలో దొరకదు.

ఈ లోటును కొంతవఱకు తీర్చినది 1986లో హైదరాబాదునుండి స్త్రీశక్తి సంఘటన వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’. తెలంగాణ సాయుధపోరాటమున పాల్గొన్న స్త్రీలు దశాబ్దముల తరువాత తమ నోట చెప్పిన మాటలవి. అందు ఉద్యమ కథతోపాటు చంటిబిడ్డను పరులకు అప్పగింపవలసివచ్చిన తల్లి దుఃఖమును కలదు. ఎదుట ఓపికగా వినువారుండుటచే, సంభాషణ త్రోవలో పిలువనివియు వచ్చి చేరినవని మా తలంపు.

అయినను పిలువనిది గనుక సత్యమే యని పొంగిపోరాదు. ఛాలెంజరు అంతరిక్షనౌక 1986 జనవరి 28న పేలిపోయిన మఱునాడు, ఆ వార్త తమకెట్లు తెలిసినదో అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయ విద్యార్థులు వ్రాసియిచ్చిరి. రెండున్నర యేండ్లకు నైసరు, హార్ష్ అనువారు మరల అడిగి పోల్చిచూడగా, సుమారు నాలుగవ వంతు మందికి ముఖ్యవిషయము ఒక్కటియు మొదటి వ్రాతతో కలియలేదు. అట్లయ్యు పెక్కురు తమ జ్ఞాపకమునే గట్టిగా నమ్మిరి. స్పష్టత సత్యమునకు పూచీ కాదు.

కావున మేము నాంపల్లిలో రైలెక్కి నేరుగా అక్క యింటికి పోయి, చూచిన దృశ్యమును చెప్పితిమి. ఆమె నవ్వి, “గడప మీద కాదురా తమ్ముడూ, వెనక వరండాలో. కేలండరు కాగితం ఎక్కడిది? అన్నీ న్యూసుపేపరు అట్టలే” అనెను. కేలండరు కాగితము ఆబిడ్సు కాలిబాటనుండి మా జ్ఞాపకములోనికి చొరబడినదన్నమాట! పిదప కొంతసేపు మిన్నకుండి, “చదివిన మాట మాత్రం నిజం. చదువు వద్దని నేనెప్పుడన్నాను? నన్నడిగిందెవరు?” అనెను.

పిలిచిన జ్ఞాపకము మనము నేర్పిన సాక్షి. పిలువనిది మనము నేర్పని సాక్షి. దానినైనను ప్రశ్నింపక విడువరాదు. ఆ ప్రశ్న వేయవలసినది ఆ ఘటనలో పాలుపంచుకొన్నవారిని. జనవరిలో నాంపల్లి నుమాయిషుకు ఇంటి పెద్దలను తీసికొనిపోవువారు, అచ్చట ఒక దుకాణము ముందు వారు హఠాత్తుగా నిలిచి ఏదో చెప్పబోయినచో, చాదస్తమని చేయిపట్టి లాగకుందురుగాక. ఆ మాట మరల వచ్చునన్న నిశ్చయము లేదు.

మా కుటుంబ చరిత్ర ప్రతులలో ఆ వాక్యమును కొట్టివేసి, అంచున ఇట్లు వ్రాయుచున్నాము: అక్కకు చదువుపై మక్కువ యుండెను, ఆమెను ఎవరును అడుగలేదు, అడుగనివారిలో ఈ గ్రంథకర్తయు ఒకడు.