రిబ్బను చుట్టే చేయి

గోద్రెజ్ 1955లో మన దేశంలో టైప్‌రైటర్ల తయారీ మొదలుపెట్టింది. ఆ ఫ్యాక్టరీ ఎప్పుడో ఆగింది గానీ మెషీన్లు ఆగలేదు. వాటిని బతికిస్తున్నది మెకానిక్కులు. వాళ్ల పనితనం నాకు రిబ్బను దగ్గరే బాగా తెలుస్తుంది.

పాత మోడలుకి సరిపోయే స్పూలు బజార్లో దొరకదు. దొరికేది అరంగుళం వెడల్పు రిబ్బను. చాలా మెషీన్లకు అదే సరిపోతుంది. తంటా అంతా స్పూలుతోనే. అందుకే మెకానిక్ పాత స్పూలును పారేయనివ్వడు. కొత్త రిబ్బన్ను దానిమీదికి మెలిక పడకుండా, బిగువు సడలకుండా చుడతాడు. వేళ్లు నల్లబడతాయి, మామూలే. కొసకి కాస్త ఇవతల చిన్న లోహపు రింగు బిగిస్తాడు. చాలా మెషీన్లలో రిబ్బను అయిపోవచ్చే వేళకి మీటను తట్టి, దాన్ని వెనక్కి మళ్లించేది ఆ రింగే. అది లేకపోతే రిబ్బను కొసకొచ్చి నిలిచిపోతుంది. అచ్చులు ఒకేచోట పడీ పడీ గుడ్డ చిరుగుతుంది.

రెండు రంగులదైతే నలుపు పైకి, ఎరుపు కిందికి. తిరగేసి ఎక్కిస్తే అర్జీ మొత్తం ఎర్రగా వస్తుంది, గుమాస్తా ముఖంతో సహా! చివరికి ఓ లైను కొట్టి, కాగితాన్ని వెలుతురుకి ఎత్తి చూస్తాడు. అక్షరం కింది సగం పలచగా ఉంటే మళ్లీ విప్పుతాడు. డబ్బులు మాత్రం ఒక్కసారికే.