నల్లమల కవిత్వం – కరెంటు ప్రశ్న

2019లో నల్లమల యురేనియంపై వచ్చిన కవిత్వంలో ఆగ్రహం ఉంది, అడవి ఉంది, చెంచులున్నారు. నేను చదివినంతలో కరెంటు లేదు. ఆ సెప్టెంబరులో తవ్వకాలకు వ్యతిరేకంగా శాసనసభ తీర్మానించాక చాలామంది కలాలు మూసేశారు. కడప జిల్లా తుమ్మలపల్లెలో గని నడుస్తూనే ఉంది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రానికి భూసేకరణ జరిగింది. ఖనిజం ఒకచోట, రియాక్టరు మరొకచోట, వెలుగు ఇంకొకచోట. ఈ గొలుసును పట్టుకోని కవిత అడవి అంచునే ఆగిపోతుంది.

అణువుకు బదులు సూర్యుణ్ణి కీర్తిస్తే చాలునా? మన కవిత్వంలో సూర్యుడెప్పుడూ ప్రజల పక్షమే. సోలార్ పార్కు సూర్యుడు వేరు. అనంతపురం సీమలోని ఎన్.పి.కుంటలో ఆయనకూ వేల ఎకరాలు కావలసి వచ్చాయి. తరతరాలు కాపలా కాయవలసిన అణువ్యర్థం లేదు కనుక నేను సౌరశక్తి వైపే. అయితే భూమి ఎవరిది, తీగ ఎవరి చేతిలో అన్నవి తేలకుండా ఆ ప్రతీక నిలబడదు.

సిరిసిల్ల రచయితకు ఇది కొత్త కాదు. 1970లోనే ఇక్కడ విద్యుత్ సరఫరా సహకార సంఘం ‘సెస్’ ఏర్పడింది, వినియోగదారులే సభ్యులుగా. (లోపాలు లేవనను.) అయినా మన మరమగ్గాల కథల్లో కరెంటు పోతుంది, వస్తుంది, బిల్లు పెరుగుతుంది. ఎక్కడినుంచి వస్తుందో ఏ పాత్రా అడగదు. జగిత్యాల, కోరుట్ల రైతు కథల్లో బావి మోటారుదీ ఇదే గతి. రామగుండం జలాశయంపై 2022 నుంచి సౌరఫలకాలు తేలుతున్నాయి. అవీ ఇంకా మన కథలోకి రాలేదు.